పరిచర్యా గృహములు: మన పెద్దల నప్పగించుటకు ముందు

మనదేశమున మంచము పట్టిన పెద్దలకు పరిచర్య చేయుట యింటి యాడువారి పని యని తరతరములుగా ననుకొనుచు వచ్చితిమి. అత్తగారికి కోడలును, తల్లికి కూతురును, ఇరువురును లేనిచో దూరపు చుట్టమైన యొక వితంతువును ఆ భారము మోసిరి. దానికి ధర్మమని పేరు పెట్టితిమే గాని, చేయువారి నడుము నొచ్చినదా, వారికి కంటినిండ నిద్ర యున్నదా యని యడిగినవారు తక్కువ. ఈనాడు సంసారములు చిన్నవైనవి. కొడుకు హైదరాబాదుననో బెంగుళూరుననో, కాదేని సముద్రముల కావలనో యున్నాడు. కోడలికి ఉద్యోగమున్నది. ఇంట మిగిలినది తాతయు నవ్వయు. వారిలో నొకరు పడిపోయినచో నెత్తి కూర్చుండబెట్టుటకు రెండవవారికి శక్తి లేదు. కావుననే పక్షవాతము వచ్చినవారిని, తుంటి యెముక విరిగినవారిని, లేవలేని వృద్ధులను కొంతకాలము గాని చిరకాలము గాని యుంచుకొని చూచు గృహములు మన పట్టణములందు పెరుగుచున్నవి. వానిలో మంచివేవో కానివేవో కనిపెట్టుట యెట్లో యీ వ్యాసమున ముచ్చటింప దలచితిమి.

మొదట పేర్ల చిక్కు తీర్చుకొనవలెను. మన తెలుగునాట నర్సింగు హోమనగా కానుపులు, కోతలు జరుగు చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో నదే మాటకు నడవలేని వృద్ధులు ఏండ్లతరబడి నివసించు గృహమని యర్థము. వృద్ధాశ్రమమనునది తమ పని తాము చేసికొనగల పెద్దలకు కూడును నీడయు నిచ్చు చోటు. అచ్చట నర్సు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. పునరావాస కేంద్రమనునది పోయిన శక్తిని వ్యాయామముచే మరల రాబట్టు చోటు. తాగుడు మాన్పించు కేంద్రములకును ఇదే పేరుండును. బోర్డుమీది పేరును బట్టి పోక, "మా యవ్వకు రాత్రి రెండు గంటలకు ఎవరు లేచి నీళ్లిత్తురు?" అని యడిగినచో అది యెట్టి గృహమో తేలిపోవును.

ఆలంపురమున నొక యింట నిట్టి యవసరము కలిగినదనుకొందము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమకు ఆ యూరు పుణ్యక్షేత్రము. జోగులాంబ తల్లియు, బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయములును అచ్చట నున్నవి. కాని పెద్దజబ్బు చేసినపుడు ఆ యూరివారి చూపు తుంగభద్ర కావల, సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్న కర్నూలు వైపు పోవును. 1957లో వైద్యకళాశాల యేర్పడిన నాటినుండి అచ్చటి పెద్దాసుపత్రి చుట్టుప్రక్కల జిల్లాలకెల్ల ఆధారము. మన యవ్వకు డెబ్బదియేండ్లు. తెల్లవారుసరికి కుడిచేయి, కుడికాలు స్వాధీనము తప్పినవి; మాట ముద్దముద్దగా వచ్చుచున్నది. కర్నూలు చేర్చిరి. ప్రాణము నిలిచినది. పదునైదు దినముల తరువాత డాక్టరుగారు "ఇక నిచ్చట చేయవలసినది లేదమ్మా, తీసికొనిపోయి వ్యాయామము చేయింపుడు" అనిరి. చేయించువారెవరు? పక్షవాతము తగిలిన తొలి మూడు మాసములలో శక్తి మిక్కిలిగా తిరిగి వచ్చును. ఆ దినములు వృథాపోయినచో పిమ్మట నెంత వ్యయపెట్టినను అంత ఫలము కానరాదు. ఆ వేళ చేర్చిన గృహము మంచిదైనచో అవ్వ చేతికఱ్ఱతో నడచి రావచ్చును. చెడ్డదైనచో నడుమున పుండుతో మంచముమీద రావచ్చును.

ఈ యూరివారికి మఱియొక చిక్కును గలదు. ఆలంపురము 1956 వఱకు రాయచూరు జిల్లాలోనిది. పిమ్మట మహబూబునగరు జిల్లాలో చేరినది. 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. 2014లో రాష్ట్రము రెండైనపుడు నది యావలి కర్నూలు ఆంధ్రప్రదేశమున నిలిచినది. అచ్చట చేర్చినచో ఆ గృహముపై అధికారము ఆ రాష్ట్రపు అధికారులది; మహబూబునగరుననో హైదరాబాదుననో చేర్చినచో తెలంగాణమువారిది. ఫిర్యాదు చేయవలసి వచ్చినపుడు ఏ గడప తొక్కవలెనో ముందే తెలిసికొని యుండుట మేలు. అయినను మేమైనచో కర్నూలునే కోరుదుము. హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. అచ్చట నెంత గొప్ప గృహమున్నను నెలకొకమారు పోయి చూచుటే గగనమగును. వారమునకు మూడుమార్లు పోగల చోట నున్న సామాన్యపు గృహము, పోలేని చోట నున్న గొప్ప గృహముకంటె రోగికి క్షేమకరము.

చూడబోయిన కుటుంబమువారికి తొలినాడు కనబడునవి యేవి? నున్నని గచ్చు, చల్లని గది, గోడమీద దేవుని పటము, వాకిట పూలకుండీలు, చిరునవ్వుతో మాటలాడు మేనేజరు. ఇవి యుండుట తప్పు కాదు. కాని యివి డబ్బిచ్చు కొడుకునకు చూపుటకు గాని మంచముమీది తల్లికై యుంచినవి కావు. ఆమెకు కనబడునది పైకప్పు, తలాపున నున్న నీళ్లచెంబు, పిలిచినపుడు వచ్చెడి మనిషి. కావున మేము మొదట రోగుల మడమలను చూడుమందుము.

ఒకేవైపున పరుండియున్నవారికి ఎముకకును మంచమునకును నడుమ నలిగిన మాంసమునందు నెత్తురు ప్రసరింపదు. ఆరోగ్యవంతులము నిద్రలో సైతము తెలియకయే ప్రక్కకు తిరుగుదుము. తిరుగలేనివారికి, స్పర్శ తెలియనివారికి కొన్ని గంటలలోనే ఆ మాంసము చచ్చును. మడమలు, పిఱుదుల పైనున్న యెముక, తుంటి ప్రక్కలు, భుజపు రెక్కలు, చెవిదొప్ప ఇందులకు స్థానములు. మొదట నెఱ్ఱని మచ్చ కన్పట్టును. వ్రేలితో నొక్కి తీసినపుడు ఎఱుపు పోయి తిరిగి వచ్చినచో భయము లేదు. నొక్కినను పోనిచో పుండు మొదలైనదని గ్రహింపవలెను. మనవారి చామనచాయ మేనులందు ఎఱుపు సరిగా నగపడదు గనుక ఆ చోట వేడిమి, గట్టిదనము, నొప్పి గలవేమో తడవి చూచుకొనవలెను. పైకి కాసంత చర్మము చిట్లినట్లున్నను లోపల నెముక దాక గుంటపడి యుండుటయు గలదు. అది మానుటకు నెలలు పట్టును. విషము నెత్తురునకెక్కి ప్రాణము తీయుటయు గలదు.

దీనిని రానీయకుండుటకు విలువైన మందేదియు నక్కఱలేదు. రెండు గంటల కొకమారు ప్రక్క మార్చుట, తడిసిన బట్టను వెంటనే తీయుట, పిక్కల క్రింద దిండుంచి మడమలు పరుపునకు తగులకుండ చేయుట, పప్పు, పాలు, గ్రుడ్డు వంటి బలమిచ్చు నాహారము పెట్టుట, ఇంతే. గాలిపరుపు కొంత తోడ్పడును గాని మనిషి చేతికి బదులు కాజాలదు. ఎఱ్ఱబారిన చోట నూనె పెట్టి గట్టిగా మర్దించుట, పౌడరు చల్లుట, నడుమ రంధ్రముగల రబ్బరు చక్రముపై కూర్చుండబెట్టుట మన యిండ్లలోను కొన్ని గృహములలోను నేటికిని జరుగుచున్నవి. ఆ మర్దనము, ఆ చక్రము హానికరములు. పౌడరు వలన లాభము లేదు. ఆ పని చేయుచున్న గృహమును చూచినచో అచ్చట చదివి నేర్చిన నర్సు లేదని యనుమానింపవచ్చును.

ఫ్లారెన్సు నైటింగేలు 1859లో వెలువరించిన పరిచర్యా గ్రంథమున పడకపుండును రోగముయొక్క దోషముగా గాక చూచువారి దోషముగానే యెంచినది. 1944లో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికులకు వార్డు తెఱచెను. అంతకుమున్ను అట్టివారు పుండ్లచేతను మూత్రపు జబ్బులచేతను కొలదికాలములోనే మరణించుచుండిరి. ఆయన వారిని పగలనక రాత్రియనక రెండు గంటల కొకమారు తిప్పించెను. నడిరేయి తానే వచ్చి జరుగుచున్నదో లేదో చూచుచుండెను. మనము చూడబోవు గృహమున ప్రక్క మార్చిన వేళలు వ్రాయు కాగితము మంచమున కొకటి యుండవలెను. దానిని చూపుమనుడు. రాత్రి పది, పండ్రెండు, రెండు, నాలుగు గంటల గళ్లన్నియు నొకే సిరాతో, నొకే చేతివ్రాతతో, నొకే వూపులో నిండియున్నచో అవి తెల్లవారిన పిమ్మట నింపినవి కావచ్చును. "మీ యొద్ద నిప్పుడెందఱికి పుండ్లున్నవి? వచ్చునప్పుడే యున్నవా, ఇచ్చట వచ్చినవా?" అని యడుగుడు. ఒక్కరికిని లేదని గబుక్కున చెప్పువారికంటె, ఇద్దఱికున్నవి, ఫలానివిధముగా చూచుచున్నాము అని లెక్క చెప్పువారిని మేము నమ్ముదుము.

ఒత్తిడివలన కలుగు పుండ్లను గూర్చిన యీ జ్ఞానము మన పాలమూరు సీమ ఆడువారికి కొత్తది కాదనుటకు నొక సాక్ష్యము గలదు. ఆలంపురమునకు ఉత్తరమున, కృష్ణ కావల నున్నది వనపర్తి. ఆ సంస్థానపు రాణి కుముదినీదేవిగారు 1958లో హైదరాబాదు చెంత కూకట్‌పల్లిలో కుష్ఠరోగులకై శివానంద పునరావాస గృహమును స్థాపించిరి. రాణివాసము వీడి, నలుగురు తాకనొల్లని వారికొఱకు పనిచేసిన యామె 1962లో హైదరాబాదు నగరమునకు తొలి మహిళా మేయరైరి, వనపర్తి తరపున శాసనసభలోను కూర్చుండిరి, 2009లో స్వర్గస్థులైరి. కుష్ఠమున వ్రేళ్లు రాలిపోవునని పూర్వులు నమ్మిరి. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు ఆ నమ్మకము సరికాదని చూపెను. నరము చచ్చి స్పర్శ తెలియక, కాలినను, గ్రుచ్చుకొన్నను, నడకలో నొకేచోట నొత్తిడి పడినను రోగి గమనింపడు. ఆ గాయములే చేతులను, పాదములను హరించును. మంచముమీది యవ్వ మడమకును, కుష్ఠరోగి యరికాలికిని వచ్చు పుండునకు కారణ మొక్కటియే. ఒకరు తెలిసికొనలేరు, ఒకరు కదలలేరు. వారి బదులు చూచెడి కన్ను మఱియొకరిదై యుండవలెను.

మడమల తరువాత నోరు. నాలుక పిడచకట్టి యున్నదా, కట్టుడు పండ్లు కడిగి యున్నవా, పెదవులు పగిలియున్నవా చూడుడు. వృద్ధులకు దాహము తెలియుట తగ్గును. అడుగలేదని యీయకున్నచో మూత్రము చిక్కబడును, తల తిరుగును, మతి చెదరినట్లు మాటలాడుదురు. నీరెక్కువ త్రాగిన బట్ట యెక్కువమారులు మార్చవలసి వచ్చునని సాయంత్రమైనది మొదలు నీళ్లు తగ్గించు గృహములు గలవు. ఇది పైకి కనబడని క్రూరత్వము. మూత్రమునకు గొట్టము వేసియుంచుటయు నట్టిదే. అవసరమై వేసినది వేఱు, పని తప్పించుకొనుటకు వేసినది వేఱు. "ఈ గొట్టమెందులకు వేసితిరి, ఎప్పుడు తీయుదురు?" అను ప్రశ్నకు డాక్టరు పేరుతో, తేదీతో జవాబు రావలెను. ఆ సంచి మంచముకంటె దిగువను వ్రేలాడుచుండవలెను. రోగి కాళ్లమీద పెట్టి బండిలో త్రోయుచున్నచో ఆ పనివారికి నేర్పినవారు లేరు.

భోజనపు వేళకు చెప్పక పొండు. పక్షవాతము వచ్చినవారికి మ్రింగుట తప్పిపోవును. నీరు గొంతున గాక గాలిగొట్టమున దిగి ఊపిరితిత్తులు చెడును. పలుచని నీటికంటె చిక్కని జావ వారికి సులువు. ఏది యెంత చిక్కదనమున నీయవలెనో పరీక్షించి నిర్ణయించువారుండవలెను. నిటారుగా కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము వంచి, చిన్న చెంచాతో, మ్రింగినది చూచి రెండవ చెంచా పెట్టవలెను. తిన్న పిమ్మట నరగంట సేపు పరుండబెట్టరాదు. పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద నిలిచిపోవును గనుక వ్రేలితో తీసి నోరు కడుగవలెను. ఒక్క ఆయా అయిదుగురికి వరుసగా నోట కుక్కుచున్నదా? స్వాధీనము లేని కుడిచేతి వైపున కంచము పెట్టి, కొంతసేపటికి వచ్చి "అవ్వ తినలేదు" అని వ్రాసికొని కంచమెత్తుకొని పోవుచున్నదా? ఒక పూట కూర్చుండి చూచినచో పుస్తకము చదివినంత తెలియును. ఎనుబదియేండ్లు జొన్నరొట్టె తిన్న ప్రాణమునకు పొద్దుట బ్రెడ్డు, రాత్రి బ్రెడ్డు సయింపదు. రొట్టెను పప్పుచారులో నానవేసి మెత్తగా చిదిమి పెట్టుదురా, రాగిజావ కాచుదురా యని వంటయింటికే పోయి యడుగుడు. వంటయింటిలోనికి రానీయనివారి యన్నము మన పెద్దలకు వలదు.

ఇక నడక సంగతి. పునరావాసమను పేరున మందముగా బిల్లు వేసి, దినమున కొక పావుగంట కాలికి కరెంటు తీగెలు తగిలించి పంపు చోట్లున్నవి. తీగెలు, దీపములు చూచి గొప్ప వైద్యమని భ్రమపడు కాలము మనది. నడక నడచుటవలననే వచ్చును. లేచుట లేచుటవలననే వచ్చును. ఫిజియోథెరపిస్టు వారమునకెన్ని దినములు వచ్చును, ఒక్కొక్క రోగితో నెంతసేపుండును, అతడు పోయిన పిమ్మట మిగిలిన దినమంతయు నెవరు లేపి కూర్చుండబెట్టుదురు అనునవి ముఖ్యము. పగలు పదకొండు గంటలకు పోయి, ఎందఱు మంచము దిగి కుర్చీలలో నున్నారో లెక్కపెట్టుడు. అందఱు దుప్పట్లలో నున్నచో అది ఆరోగ్యమును రాబట్టు గృహము కాదు. పడుకొన్న కొలది కండ కరగును, కీళ్లు బిగియును, పాదము క్రిందికి వ్రేలాడి గట్టిపడును. తుంటి విరిగి శస్త్రము జరిగినవారిని సైతము మఱునాడో మూడవనాడో నిలువబెట్టుటయే నేటి వైద్యుల పద్ధతి. లేపునప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగుచున్నారా చూడుడు. ఆ భుజమును పట్టియుంచు కండరములు వదలియుండును గనుక లాగినచో కీలు జారి, అవ్వకు మిగిలిన జీవితమంతయు నొప్పి నిలిచిపోవును. చంకక్రింద గాని, నడుమునకు కట్టిన పట్టీని గాని పట్టి లేపక చేతిని గుంజు మనిషిని చూచినచో అప్పుడే వారింపుడు, మొగమాటపడకుడు.

వెల్లూరునందే మేరీ వర్గీసు అను వైద్యురాలుండెను. 1954లో మోటారు ప్రమాదమున నామెకు నడుము క్రింది భాగమంతయు స్వాధీనము తప్పినది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రములు చేసినది. న్యూయార్కు పోయి పునరావాస వైద్యము నేర్చి వచ్చినది. 1966లో వెల్లూరున వెన్నుపాము దెబ్బతిన్నవారికి పునరావాస సంస్థ నేర్పఱచినది. రాయలసీమ నుండియు చిత్తూరు వైపు నుండియు మనవారెందఱో ఆ యూరి వైద్యమునకు పోవుచుందురు. అచ్చట రోగితోపాటు ఇంటివారొకరుండి ప్రక్క మార్చుట, కుర్చీకెక్కించుట, పుండు రాకుండ చూచుట నేర్చుకొనుట చికిత్సలో భాగము. ఈ యొక్క గుణమును మేము తక్కిన వానియన్నిటికంటె నెక్కువగా నెంచుదుము. "మీరు రానక్కఱలేదు, అంతయు మేమే చూచుకొందుము" అను గృహమువారికి రోగి యెల్లకాలము తమయొద్ద నుండుటయే లాభము. "వారమునకు రెండుమార్లు మీ కోడలిగారిని పంపుడు, నేర్పెదము, మీ యబ్బాయిని కూడ పంపుడు" అనువారు అవ్వను ఇంటికి పంప దలచినవారు. అబ్బాయి యను మాటను మేము కావలెననియే వ్రాసితిమి. తల్లిని మంచము దింపుటకు కావలసిన బలము కొడుకు చేతులలో నెక్కువగానే యుండును.

పనివారి సంగతి చెప్పకున్నచో ఈ వ్యాసము సగమే యగును. ఎంత మంది నర్సులని యడిగినచో మేనేజరు పగటి లెక్క చెప్పును. మనకు కావలసినది రాత్రి లెక్క. అమెరికాలో ప్రభుత్వము 2008 నుండి ఇట్టి గృహములకు ఒకటి మొదలు అయిదు వఱకు నక్షత్రములిచ్చి యందఱకు తెలియునట్లు ప్రకటించుచున్నది. తనిఖీ ఫలితములు, పనివారి సంఖ్య, పుండ్లు పడిపోవుటలు మొదలైన వాని లెక్కలు దానికాధారములు. అచ్చటను తొలుత పనివారి సంఖ్యను గృహములే వ్రాసి పంపుచుండెను. ఆ లెక్కలపై సందేహములు కలిగి 2018 నుండి జీతముల చిట్టాలనే ఆధారముగా గొనుచున్నారు. మన తెలుగువారు అచ్చటి గృహములలో తలిదండ్రులను చేర్చునపుడు ఆ నక్షత్రములను చూచుకొనగలరు. మనకట్టి ప్రకటన లేదు. కాని చిట్టాకు బదులు ఆయాలున్నారు. వారితో మాటలాడుడు. ఎన్ని గంటల పని, ఎక్కడ తిందురు, రాత్రి యెందఱిని చూతురు, ఎంతకాలమునుండి యున్నారు? వారును మనవంటి యాడువారే. కొందఱు ఇంట పసిబిడ్డలను విడిచి పండ్రెండు గంటలు నిలుచువారు. మూడు నెలల కొకమారు మొగములు మాఱిపోవు చోట ఏ యవ్వ మాట ముద్దలోని యర్థము నెవరును నేర్వజాలరు. ఒకే ఆయా మూడేండ్లుగా నున్నచో "ఆమె గొణుగుట దాహమునకు, మూలుగుట నడుము నొప్పికి" అని మనకే చెప్పును.

కట్టివేయుటను గూర్చి నిక్కచ్చిగా నడుగవలెను. అవ్వ లేచి పడునని చేతులు మంచమునకు కట్టుట, అల్లరి చేయకుండ నిద్రమాత్ర వేయుట కొన్నిచోట్ల మామూలు. పనివారి సౌకర్యమునకై యిట్లు చేయరాదని అమెరికాలో 1987 నాటి శాసనము నిషేధించెను. పగలెల్ల మత్తుగా నిద్రించు రోగులు వరుసగా నున్నచో వారికిచ్చు మాత్రల పేర్లను వ్రాసికొని మన యింటి డాక్టరునకు చూపుడు. ఇది తప్పక చేయవలసిన పని. మందుల చీటీని చూచు హక్కు కుటుంబమునకు గలదు.

మాటతీరు చిన్న విషయమని త్రోసివేయకుడు. "ఏయ్ ముసలమ్మా, మూడో నంబరూ" అని పిలుచు చోటును, "అవ్వా, ప్రక్కకు తిప్పుచున్నాను, భయపడకు" అని చెప్పి ముట్టుకొను చోటును ఒకటి కావు. బట్ట మార్చునపుడు తెర వేయుదురా? ఆడువారికి ఆడువారే స్నానము చేయింతురా? జీవితమంతయు కొంగు తలమీదినుండి జారనీయని మన పెద్దలకు ఇది ప్రాణముతో సమానము. మాట రాని స్థితిలో వారు చెప్పలేక కన్నీరు పెట్టుకొందురు. చుట్టములు రాదగిన వేళ సాయంత్రము అయిదు మొదలు ఆఱు వఱకే యను గృహమును మేము సందేహింతుము.

నీరు, నిప్పు అను రెంటి భయము మన ప్రాంతమున తలచుకొనక తప్పదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ఆలంపురమును ముంచెను. లేవలేనివారిని నేలయంతస్తులో నుంచిన గృహము అట్టి రాత్రి యేమి చేయును? మేడమీద నుంచినచో నిప్పంటుకొన్న వేళ నెట్లు దింపుదురు? విజయవాడలో కోవిడు రోగులనుంచిన యొక హోటలులో 2020 ఆగస్టు 9న నిప్పంటుకొని పదిమంది మరణించిరి. రెండవ మెట్లదారి యున్నదా, దానికి తాళము వేసియున్నదా, ఆ దారిన సామానులు పేర్చియున్నవా, అని స్వయముగా నడచి చూడవలెను. లిఫ్టును చూచి తృప్తిపడరాదు. నిప్పు వేళ అది నడువదు.

ఇక ధనము, చట్టము. తలిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. అఱువదియేండ్లు నిండినవారు తమ్ము చూడని సంతానముపై ట్రిబ్యునలులో మనవి చేసికొనవచ్చును. తామున్న జిల్లాలోగాని, బిడ్డలున్న జిల్లాలోగాని వేయవచ్చును గనుక నది రాష్ట్రపు హద్దు చేత నాగదు. చూచుకొందుమను షరతుపై ఆస్తి వ్రాయించుకొని పిమ్మట చూడనిచో ఆ దస్తావేజును రద్దు చేయింపవచ్చును. జిల్లాకొకటి చొప్పున నూటయేబది మంది నిరుపేద వృద్ధులకు ప్రభుత్వము గృహములు స్థాపింపవచ్చునని యా చట్టము చెప్పినది. "వలెను" అనలేదు, "వచ్చును" అన్నది. ఆ యొక్క మాటలో నెందఱో యవ్వల రాత్రులు చిక్కుకొనియున్నవి. డబ్బు గలవారు సైతము సంతకమునకు ముందు నెలసొమ్ములో నేవి చేరినవో, డైపర్లు, మందులు, ఆంబులెన్సు వేఱా యనియు, నడుమ తీసికొనిపోయినచో బయానా తిరిగి యిత్తురా యనియు కాగితముపై వ్రాయించుకొనవలెను. గృహమున దుర్మార్గము కనబడినచో వృద్ధుల సహాయమునకు ఏర్పడిన 14567 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు చెప్పవచ్చును. హైదరాబాదులో మొదలైన యీ యేర్పాటు 2021లో దేశమంతటికి వ్యాపించినది.

ఇన్ని చూచి చేర్చిన పిమ్మటను ఇరుగుపొరుగువారు "కోడలు అత్తను తోలివేసినది" అనక మానరు. కొడుకు తోలివేసినాడని మాత్రము ఎవరును అనరు. మూడు మాసములు ఇంట నుంచి, ప్రక్క మార్చలేక పుండ్లు తెప్పించిన కోడలికి వచ్చు మంచి పేరుకంటె, చేతనైనవారి చేతిలో పెట్టి నడిపించి తెచ్చిన కోడలి చెడ్డపేరు అవ్వకు మేలు చేసినది. ఎన్నిమార్లు పోయి చూచినది, ఏమేమి యడిగినది యనుటయే ఆమె పరిచర్య.

ఇంటికి తెచ్చు దినము నిర్ణయమైనంతనే కొలతబద్ద తీసికొని యింటిలో తిరుగుడు. పాత యిండ్ల గడపలు జానెడెత్తు, మఱుగుదొడ్డి పెరటిలో, మంచము మోకాటికంటె పల్లము. ఆ గడప యెంత యెత్తో, పెరటికి మెట్లెన్నియో, మంచమెంత యెత్తో చీటీమీద వ్రాసి ఫిజియోథెరపిస్టునకిండు. మిగిలిన పదిదినములలో నతడు అవ్వచేత అంతే యెత్తు దాటించును, అంతే యెత్తునుండి లేపును. ఈలోగా వడ్రంగిని పిలిచి మఱుగుదొడ్డి గోడకు పట్టుకొనుటకొక కఱ్ఱ బిగింపించి, మంచము కోళ్ల క్రింద దిమ్మలు వేయింపుడు.